ఏడో ఎపిసోడ్‌లో ఓడకి పడ్డ చిల్లు: లెక్కకి నిలిచేది ఎంత?

స్థిరకక్ష్య

మన అంతరిక్ష సీరియల్ ఏడో ఎపిసోడ్ చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కథంతా బయటపడిపోతుంది.

చూసినవాళ్లకి ఒకసారి గుర్తుచేస్తా. గురుగ్రహం దాకా వెళ్లిన ఓడ. అందులో ఒక గది, తెరమీద మ్యాప్‌లో చూపించిన ప్రకారం లోపల 100 ఘనమీటర్ల చోటు. చిన్న రాయి తగిలి గోడకి బొటనవేలు పట్టేంత చిల్లు పడుతుంది. ఇక చూస్కోండి, సుడిగాలి, పొగమంచు, మనుషులు చిల్లువైపు ఈడ్చుకుపోవడం, మూలన 40 సెకన్ల కౌంట్‌డౌన్. ఇంజినీరు రెండు నిమిషాల్లో సూటేసుకుని బయటినుంచి ప్యాచ్ వేస్తాడు. నాయికేమో సూట్ లేకుండా ఊపిరి బిగబట్టి 30 మీటర్లు దూకి పక్క ఓడ ఎయిర్‌లాక్‌లో (బయటికి వెళ్లొచ్చే రెండు తలుపుల గదిలో) పడుతుంది, ఒళ్లంతా మంచు.

ఇందులో అసలు జరగనివి తక్కువే. గాలి పోతుంది, స్పృహ పోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. తప్పల్లా గడియారంలో ఉంది. గంటన్నర పట్టేది 40 సెకన్లలో అయిపోయింది, పది సెకన్లలో అయిపోవాల్సింది తీరిగ్గా సాగింది. ముందు చిల్లు లెక్క ఎవరైనా వెయ్యండి.

లెక్కలబ్బాయి

చిల్లు వ్యాసం 11 మి.మీ. అనుకుందాం, విస్తీర్ణం సుమారు 1 చదరపు సెంటీమీటరు. అవతల శూన్యం కాబట్టి గాలి చిల్లు దగ్గర ధ్వనివేగాన్ని అందుకుంటుంది, అంతకు మించి పోదు. అవతల ఎంత ఖాళీ ఉన్నా ప్రవాహం అక్కడ బిగుసుకుపోతుంది. మామూలు గది ఉష్ణోగ్రతలో ఇది చదరపు సెంటీమీటరుకి సెకనుకి 20 లీటర్లు. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు, ఏ సీరియల్‌లో ఏ చిల్లునైనా నోటిలెక్కతో తేల్చేయొచ్చు.

100 ఘనమీటర్లంటే లక్ష లీటర్లు.

చిల్లుగవ్వ

అయితే లక్షని 20తో భాగిస్తే 5000 సెకన్లు. 83 నిమిషాల్లో గది ఖాళీ. అంతేగా?

లెక్కలబ్బాయి

అంతే కాదండీ. సెకనుకి 20 లీటర్లు పోవడం మారదు, కానీ లోపలి గాలి పలచబడేకొద్దీ ఆ 20 లీటర్లలో ఉండే గాలి బరువు తగ్గుతూ పోతుంది. కాబట్టి పీడనం గీత తిన్నగా సున్నాకి దిగదు, వంపు తిరుగుతుంది. 5000 సెకన్లకి ఇంకా 37 శాతం మిగిలే ఉంటుంది. సగానికి పడటానికి 58 నిమిషాలు, మూడో వంతుకి దిగడానికి 92 నిమిషాలు.

సగం పీడనం అంటే 5500 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు. తలనొప్పి, ఆయాసం, మతిమరుపు ఉంటాయి గానీ మనిషి పని చెయ్యగలడు. మూడో వంతు అంటే ఎవరెస్ట్ శిఖరం. అంటే సిబ్బందికి గంట పైనే పనికొచ్చే సమయం ఉంది. 40 సెకన్లలో పోయేది వందకి ఒక్క పాలు కూడా లేదు. పొగమంచు కూడా రాదు. అది గాలి హఠాత్తుగా వ్యాకోచించి చల్లబడితేనే వస్తుంది.

తోకచుక్క

సరే, గది ఖాళీ అవ్వడం నెమ్మదే. కానీ చిల్లు దగ్గర గాలి ధ్వనివేగంతో పోతోందని మీరే అన్నారు. దగ్గరున్న మనిషిని లాగదా?

లెక్కలబ్బాయి

ఆ వేగం చిల్లు నోటి దగ్గరే. కాస్త వెనక్కొస్తే అదే 20 లీటర్లు అర్ధగోళమంత వైశాల్యం గుండా వస్తున్నాయి. 10 సెం.మీ. దూరంలో సెకనుకి 32 సెం.మీ., అంటే చేతికి తెలిసీ తెలియనంత గాలి. అర మీటరు దూరంలో సెకనుకి 1.3 సెం.మీ. ఒక మీటరు దగ్గర 3 మిల్లీమీటర్లు. ఆ సీన్‌లో నాలుగు మీటర్ల అవతలి కుర్చీ ఎగిరొచ్చింది!

చిల్లు మీద అరచెయ్యి పెడితే చేతిని లాగే బలం 10 న్యూటన్లు, కిలో బరువు చేతిలో పెట్టినట్టు. నొప్పి ఉంటుంది, చర్మం కములుతుంది, చెయ్యి మాత్రం ఊడి బయటికి పోదు.

వాల్వు_మెకానిక్

ఇది ఊహ కాదు, జరిగింది. 2018 ఆగస్టు చివర్లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి తగిలించి ఉన్న సోయుజ్ ఎంఎస్-09 వ్యోమనౌకలో 2 మి.మీ. చిల్లు బయటపడింది. వ్యోమగామి అలెగ్జాండర్ గెర్స్ట్ కాసేపు దానిమీద వేలు పెట్టాడు. తర్వాత టేపు, ఆపైన ఎపాక్సీ జిగురులో ముంచిన గాజుగుడ్డ. మన లెక్క ప్రకారం 2 మి.మీ. చిల్లు నుంచి పోయేది సెకనుకి ముప్పావు లీటరు లోపే. అంత పెద్ద కేంద్రంలో అది రోజుల వ్యవహారం.

అసలు కష్టం మూయడం కాదు, ఎక్కడుందో కనుక్కోవడం. ఓడ లోపలి గోడ ఎప్పుడూ ఖాళీగా కనపడదు. ర్యాకులు, ప్యానెళ్లు, ఇన్సులేషన్, తీగల కట్టలు అడ్డం. పద్ధతి ఇలా ఉంటుంది: ఒక్కో గది హ్యాచ్ (గాలి చొరని తలుపు) మూసి పీడనం చూస్తారు. ఏ గదిలో ముల్లు దిగుతూనే ఉంటే లీకు అక్కడ. ఆ గదిలో అల్ట్రాసౌండ్ పరికరంతో గోడ వెంబడి వెతుకుతారు. గాలి చిల్లులోంచి దూసుకుపోయేటప్పుడు చెవికి అందని కూత పెడుతుంది. 2020లో అదే కేంద్రంలోని జ్వెజ్దా గదిలో పగులు దొరకనప్పుడు రష్యన్ సిబ్బంది టీ ఆకులు గాల్లో వదిలి అవి ఎటు తేలుతాయో చూశారు. సెకనుకి మిల్లీమీటర్ల వేగం కూడా బరువులేని చోట టీ ఆకుని నడిపిస్తుంది.

స్థిరకక్ష్య

ఆ టీ ఆకుల సీన్ ఎపిసోడ్‌లో పెట్టుంటే నోరెళ్లబెట్టి చూసేవాళ్లం. వీళ్లేమో కుర్చీలు ఎగరేశారు.

వాల్వు_మెకానిక్

ప్యాచ్ సంగతి కూడా అయిపోనివ్వండి. బయటినుంచి వెయ్యడం తలకిందుల పని. లోపలి పీడనం దాన్ని ఊడగొట్టాలనే చూస్తుంది, జిగురు ఒక్కటే పట్టి ఉంచాలి. లోపలినుంచి వేస్తే అదే పీడనం ప్యాచ్‌ని గోడకి అదిమి పెడుతుంది, ఉచితంగా బిగింపు దొరికినట్టు.

వరస ఇది. ముందు చిల్లు అంచులు చూడాలి. రాయి తగిలిన చోట లోహం పువ్వు రేకుల్లా చీలి మొన తేలి ఉంటుంది, దానిమీద టేపు వేస్తే కోసుకుపోతుంది. మొనలు వంచాలి, లేదా గిన్నెలాంటి మూత బోర్లించాలి. చుట్టూ తుడిచి, రబ్బరు పొర ఉన్న రేకు పెట్టాలి. అంచులకి సీలెంట్. గాలి పోతున్న చిల్లు మీద నేరుగా తడి సీలెంట్ పూస్తే అది గట్టిపడేలోపే గాలి దాన్ని బయటికి నెట్టి మధ్యలో సొరంగం చేస్తుంది. అందుకే ముందు టేపుతో ప్రవాహం ఆపాలి. చివరికి పీడనం గంటలకొద్దీ గమనించాలి. ఎపిసోడ్‌లో ప్యాచ్ పడగానే చప్పట్లు కొట్టారు, మీటరు వైపు చూసినవాడు లేడు.

పాత_ట్రాన్సిస్టర్

తలుపుల మాట ఎవరూ ఎత్తలేదే. గది తలుపు రెండు సెకన్లలో దానంతటదే మూసుకుంది. కానీ అంతకుముందు సీన్‌లో అదే గుమ్మంలోంచి రెండు లావాటి కేబుళ్లు, ఒక గాలి గొట్టం వెళ్తున్నాయి, తెరమీద స్పష్టంగా ఉన్నాయి. 1997 జూన్ 25న రష్యావాళ్ల మీర్ అంతరిక్ష కేంద్రాన్ని ప్రోగ్రెస్ సరుకు ఓడ గుద్దినప్పుడు సరిగ్గా ఇదే గొడవ. స్పెక్టర్ గది హ్యాచ్‌లోంచి తీగలు పోతుండటంతో తలుపు పడలేదు. తీగలు ఊడదీసి, ఊడనివి కోసి, ఆ తర్వాతే మూత పెట్టగలిగారు.

వాల్వు_మెకానిక్

భలే పట్టారు. ఇంకోటి, నాయకుడు గాలి తగ్గిన గది హ్యాచ్‌ని భుజంతో నెట్టి తెరిచాడు చూశారా? 80 సెం.మీ. హ్యాచ్ వైశాల్యం అర చదరపు మీటరు. ఒకవైపు పూర్తి గాలి, మరోవైపు శూన్యం అయితే దానిమీద 5 టన్నుల బరువు. రెండువైపులా తేడా వాతావరణ పీడనంలో ఇరవయ్యో వంతే అయినా 250 కిలోలు. ఏ పహిల్వాన్ వల్లా కాదు. ముందు సమీకరణ వాల్వ్ తిప్పి రెండు వైపులా పీడనం ఒకటయ్యాకే పిడి పట్టుకోవాలి. ఆ వాల్వ్ హ్యాచ్ మధ్యలోనే ఉంది, సెట్ వేసినవాళ్లు పెట్టారు. వాడాలని మాత్రం రచయితకి తట్టలేదు.

చిల్లుగవ్వ

ఓడనే తక్కువ పీడనంలో నడిపితే? అమెరికా పాత అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌లో మూడో వంతు పీడనమే, ఎక్కువ భాగం ఆక్సిజన్. చిల్లు పడినా నష్టం తక్కువ కదా.

లెక్కలబ్బాయి

పోయే గాలి బరువు మూడో వంతే. కానీ లోపలున్నదీ మూడో వంతే! సగానికి పడటానికి పట్టే 58 నిమిషాలు మారవు. ప్యాచ్ మీద బలం, హ్యాచ్ మీద బలం మాత్రం తగ్గుతాయి.

నాడీమండలం

తక్కువ పీడనం ఓడ అయ్యుంటే ఇంజినీరు సీన్ బతికేది. మ్యాప్‌లో గది పీడనం 101 కిలోపాస్కల్ అని వేశారు, అంటే నేలమీది గాలే. అమెరికన్ స్పేస్‌సూట్ లోపల ఉండేది స్వచ్ఛమైన ఆక్సిజన్, 29.6 కిలోపాస్కల్. మామూలు గాలి పీల్చిన మనిషి ఒంట్లో నైట్రోజన్ కరిగి ఉంటుంది. రెండు నిమిషాల్లో మూడో వంతు కంటే తక్కువ పీడనానికి దిగితే అది కీళ్లలో, రక్తంలో బుడగలు కడుతుంది. మోకాలు, భుజం నొప్పితో మొదలై పక్షవాతం దాకా పోవచ్చు. అందుకే ముందు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చి నైట్రోజన్ కడిగేసుకోవాలి. పూర్తి పీడనం నుంచి నేరుగా సూట్‌లోకి వెళ్తే 4 గంటలు. ముందురాత్రి ఎయిర్‌లాక్‌లో 70 కిలోపాస్కల్ దగ్గర పడుకుంటే ఆ సమయం తగ్గుతుంది. ప్రాణాపాయంలో ఎవరైనా తెగించి వెళ్తారు, కాదనను. కానీ చిల్లు మూయడానికి గంట సమయం, అదీ లోపలినుంచే వీలున్నప్పుడు బయటికెళ్లడం ఎందుకు?

ఇక నాయిక దూకుడు. శూన్యంలో మనిషి పేలిపోడు. చర్మం గట్టిది. రక్తం కూడా నాళాల బిగువు వల్ల వెంటనే మరగదు. కానీ పీడనం 6.3 కిలోపాస్కల్ కంటే తగ్గితే ఒంటి వేడికే నీరు ఆవిరవుతుంది. భూమ్మీద ఆ హద్దు దాదాపు 19 కి.మీ. ఎత్తున ఉంది. కంటి తడి, నోటి ఉమ్మి ముందు మరుగుతాయి, తర్వాత చర్మం కింద వాపు. 1960 ఆగస్టు 16న 31 కి.మీ. ఎత్తుకి బెలూన్‌లో వెళ్లిన జోసెఫ్ కిట్టింజర్ కుడి గ్లవ్ లీకై చెయ్యి బాగా వాచింది. కిందికొచ్చాక కొన్ని గంటల్లో మామూలైంది.

స్పృహ వేరే సంగతి. 1966 డిసెంబరులో హ్యూస్టన్‌లోని శూన్య గదిలో స్పేస్‌సూట్ పరీక్షిస్తున్న జిమ్ లెబ్లాంక్ సూట్ గొట్టం ఊడింది. 14 సెకన్లలో పడిపోయాడు. నాలుక మీద ఉమ్మి బుడబుడలాడటమే అతనికి గుర్తున్న ఆఖరి సంగతి. వెంటనే గాలి నింపారు, బతికాడు.

తోకచుక్క

నీళ్లలో అయితే రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టేవాళ్లున్నారు. ఇక్కడ 14 సెకన్లే ఎందుకు?

నాడీమండలం

నీళ్లలో ఊపిరి బిగబడితే ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఉంటుంది, రక్తం దాన్ని మెల్లగా తీసుకుంటుంది. శూన్యంలో ఊపిరితిత్తుల్లో ఏమీ ఉండదు. అప్పుడు ప్రవాహం తిరగబడుతుంది. రక్తంలో ఉన్న ఆక్సిజనే ఊపిరితిత్తుల్లోకి వచ్చి బయటికి పోతుంది. అలా ఖాళీ అయిన రక్తం ఊపిరితిత్తుల నుంచి మెదడుకి చేరడానికి పట్టేదే ఆ పది పన్నెండు సెకన్లు. ఎంత తర్ఫీదు పొందినా ఇది మారదు.

శూన్యంలో ఊపిరి బిగబట్టడమైతే ఆత్మహత్యే. లోపల వాతావరణ పీడనం, బయట సున్నా. ఛాతీ ఆపలేదు. ఊపిరితిత్తుల పలచటి గోడలు చిరిగి గాలిబుడగలు నేరుగా రక్తంలోకి పోతాయి. నోరు తెరిచి ఊపిరంతా వదిలేయాలి. ఎపిసోడ్‌లో నాయిక గట్టిగా గాలి పీల్చి బుగ్గలు పూరించి దూకింది. మొత్తం ఎపిసోడ్‌లో నేను క్షమించలేని తప్పు అదొక్కటే. నిజంగా హాని చేసే పాఠం అది.

స్థిరకక్ష్య

30 మీటర్ల దూకుడికి సమయం చాలుతుందా మరి?

లెక్కలబ్బాయి

నేలమీద 40 సెం.మీ. ఎత్తు ఎగిరే కాళ్లు సెకనుకి 2.8 మీటర్ల వేగం ఇస్తాయి. 30 మీటర్లకి దాదాపు 11 సెకన్లు. అంచుమీద నడక, కానీ సాధ్యమే. గురి మాత్రం ముప్పావు డిగ్రీ లోపల ఉండాలి, లేకపోతే 80 సెం.మీ. గుమ్మం తప్పిపోతుంది. తోపు శరీర భారకేంద్రం గుండా పోకపోతే గిరగిరా తిరుగుతూ వెళ్తుంది.

వాల్వు_మెకానిక్

మీరిద్దరూ గడియారాన్ని దూకినప్పటి నుంచి మొదలుపెట్టారు. తప్పు అక్కడే జరిగింది. ఆవిడ బయల్దేరిన ఎయిర్‌లాక్‌లో ముందు గాలి తీసెయ్యాలి కదా? 5 ఘనమీటర్ల ఎయిర్‌లాక్, 10 చదరపు సెంటీమీటర్ల వాల్వ్ అనుకోండి. సెకనుకి 200 లీటర్లు. నాడీమండలం గారు చెప్పిన 6.3 కిలోపాస్కల్‌కి దిగడానికి 70 సెకన్లు పడుతుంది. స్పృహ అంతకు ముందే పోతుంది. తలుపు తెరుచుకునేసరికి ఆవిడ లోపలే తేలుతూ ఉంటుంది. పోనీ గాలి ఉండగానే తెరుద్దామంటే, లోపలికి తెరుచుకునే హ్యాచ్ టన్నుల బరువుతో బిగుసుకుని ఉంటుంది. బయటికి తెరుచుకునేదైతే గాలితో పాటు ఆవిణ్ణీ ఎటో విసిరేస్తుంది, మీ ముప్పావు డిగ్రీ గురి గంగలో కలుస్తుంది.

మనిషిని నిజంగా ఈడ్చుకుపోయే గాలి కావాలంటే అక్కడ దొరుకుతుంది. 100 ఘనమీటర్ల గదికి ఒక చదరపు మీటరు గుమ్మం ఒక్కసారి తెరిస్తే రెండు మూడు సెకన్లలో ఖాళీ. సుడిగాలి, పొగమంచు అన్నీ అప్పుడు న్యాయమే.

లెక్కలబ్బాయి

ఒప్పుకున్నాను. నా 11 సెకన్ల ముందు ఆ 70 ఉన్నాయన్న ధ్యాసే రాలేదు.

నాడీమండలం

అవతలి వైపు కూడా అంతే. స్పృహ లేని మనిషి తలుపు వేసుకోలేదు, కాబట్టి అక్కడ సూట్‌లో ఉన్నవాళ్లు ఒకరు కాచుకుని ఉండాలి. 1960ల్లో అమెరికా వైమానిక దళం చేసిన ప్రయోగాల్లో 90 సెకన్లలోపు గాలి అందిన కుక్కలు చాలావరకు కోలుకున్నాయి. మనిషికీ నిమిషం, నిమిషంన్నర ఆశ ఉంటుంది. ఎపిసోడ్‌లో ఆవిడ లోపల పడగానే లేచి డైలాగ్ చెప్పింది!

పాత_ట్రాన్సిస్టర్

ఒంటిమీద మంచు? అక్కడ చలి తక్కువేమీ కాదుగా.

లెక్కలబ్బాయి

చలి ఉంటే చాలదు, వేడిని పట్టుకెళ్లేది కావాలి. శూన్యం అంటే ఫ్లాస్కు గోడ. వేడి పోయే దారి వికిరణం ఒక్కటే. ఒంటి వైశాల్యం 1.8 చదరపు మీటర్లు, చర్మం 33 డిగ్రీలు అనుకుంటే సుమారు 850 వాట్లు పోతాయి. 70 కిలోల ఒళ్లు ఒక డిగ్రీ చల్లబడటానికి ఐదు నిమిషాలు. పది సెకన్ల ప్రయాణంలో డిగ్రీలో ముప్పయ్యో వంతు. తడిగా ఉన్న చోట్ల మాత్రం, కళ్లు, నాలుక, ముక్కు లోపల, ఆవిరితో పాటు వేడి చురుగ్గా పోతుంది. మంచు వెయ్యాలంటే పెదవుల అంచుల మీద కాస్త వెయ్యొచ్చు, కనుబొమల మీద కాదు.

తోకచుక్క

మధ్యలో భూమితో వీడియో కాల్ మాట్లాడారు. గురుగ్రహం నుంచి సిగ్నల్‌కి ఒకవైపే 33 నుంచి 54 నిమిషాలు. దీని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు అనుకుంటా. నాకు ఓడలో బరువు పుట్టించడానికి తిరిగే చక్రం గురించి అడగాలనుంది. వ్యాసార్ధం 20 మీటర్లన్నారు, లోపల అందరూ భూమ్మీదలాగే నడుస్తున్నారు. కిటికీలో నక్షత్రాలు నిమిషానికి ఒక చుట్టు తిరుగుతున్నాయి.

లెక్కలబ్బాయి

మళ్లీ గడియారమే! 20 మీటర్లకి నిమిషానికి ఒక చుట్టు అంటే వచ్చే బరువు భూమి బరువులో 2 శాతం. పూర్తి బరువు కావాలంటే నిమిషానికి 6.7 చుట్లు, అంటే తొమ్మిది సెకన్లకొకటి. కిటికీ తెర వేసుకోవాలి, లేకపోతే వాంతులే. తల దగ్గర బరువు కాళ్ల దగ్గరకన్నా 9 శాతం తక్కువ. చక్రం వెంట మామూలుగా నడిస్తే, ఎటు నడిచారన్నదాన్ని బట్టి బరువు ఐదో వంతు పైన పెరుగుతుంది లేదా తరుగుతుంది. చాలా డిజైన్లు నిమిషానికి 2 చుట్లు దాటకూడదనుకుని మొదలుపెడతాయి. అప్పుడు వ్యాసార్ధం 224 మీటర్లు. కిటికీలో చూపించిన ఒక చుట్టు నిజం కావాలంటే 895 మీటర్ల చక్రం కట్టాలి.

నిజంగా తిప్పి చూసిన సందర్భం ఉంది, 1966 సెప్టెంబరులో అమెరికా వ్యోమనౌక జెమిని 11. అజీనా రాకెట్‌కి తాడు కట్టుకుని మెల్లగా తిరిగారు. వచ్చిన బరువు భూమి బరువులో పదివేలో వంతుకి కాస్త పైచిలుకు, అంతే.

చిల్లుగవ్వ

పిల్లవాడు బంతి వదిలే సీన్ ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఆపి చూడండి, నిట్టనిలువునా కాళ్ల దగ్గరే పడింది.

లెక్కలబ్బాయి

20 మీటర్ల చక్రంలో మీటరున్నర ఎత్తునుంచి వదిలితే తిరిగే దిశకి వెనక 42 సెం.మీ. దూరంలో పడాలి. తమాషా ఏంటంటే ఈ 42 చక్రం వేగం మీద ఆధారపడదు. మెల్లగా తిరిగితే బంతి మెల్లగా పడుతుంది, చోటు మాత్రం అదే. కాబట్టి కిటికీ తప్పు, బంతి తప్పు వేర్వేరు తప్పులు. 224 మీటర్ల చక్రంలోనైనా 12 సెం.మీ. పక్కకి పోతుంది.

పాత_ట్రాన్సిస్టర్

అయితే ఆ తర్వాతి సీన్‌లో గ్లాసులోకి నీళ్లు వంచడం కూడా తప్పేనా?

లెక్కలబ్బాయి

జానెడు ఎత్తునుంచి వంచింది. 20 సెం.మీ.కి ధార 2 సెం.మీ. పక్కకి జరుగుతుంది. గ్లాసు మూతి ఆరు సెంటీమీటర్లుంది, అంచుకి కాస్త ఇవతల లోపలే పడుతుంది. దాన్ని వదిలేద్దాం.